ఉపవాసం ఉన్న ఇంట్లో పొయ్యి

జయరత్నాన్ని మనం దానం మేష్టారి అరుగు మీద వదిలిపెట్టి వచ్చాం. వారమైంది కదా, ఇంకా అక్కడే ఉన్నాడా అని అడగకండి. మనకి వారమైనా కథలో ఒక్క రాత్రే గడిచింది. శుక్రవారం ఉదయం చాప పరుచుకుని కూర్చున్న మనిషి శనివారం ఉదయానికి కూడా అదే చాప మీద, అదే తెల్ల లాల్చీలో, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా కూర్చునే ఉన్నాడు.

గురువారం సాయంత్రం సరోజినికి రామచంద్రపురం ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చినట్టు కబురు అందింది. సోమవారం వెళ్లి చేరాలి. ఆ కబురు విని అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు ఆమెకి కాబోయే భర్త జయరత్నమే. "దేవుడు మన పక్షాన ఉన్నాడు సరోజినీ" అని పేటంతా చెప్పి వచ్చాడు. తెల్లవారేసరికి ఉపవాసానికి కూర్చున్నాడు. ఎందుకండీ అని అడిగితే, "ఈ ఉద్యోగంలో దేవుని చిత్తం ఏమిటో కనుక్కుందామని" అన్నాడు. వెళ్లొద్దని మాత్రం అనలేదు. జయరత్నం ఎవరినీ ఏదీ వద్దనడు. అతని గురించి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, పాత భాగాలు చదవనివాళ్లకి కూడా కథ తెలిసినట్టే.

బండారులంక దాటి కాలవగట్టు వెంట పోతే ఆ పేట వస్తుంది. దానం మేష్టారు ఎమర్జెన్సీ రోజుల్లో ఎలిమెంటరీ స్కూలు నుంచి రిటైరయ్యారు. భార్య లేదు, ఉన్నది ఒక్క కూతురు. ఆయనకి చక్కెర వ్యాధి. రోజూ ఉదయం సరోజిని ఇంజెక్షన్ ఇస్తేనే ఆయనకి పొద్దు గడుస్తుంది. ఉద్యోగంలో చేరి, అద్దెకి గది చూసుకుని, నెల తిరక్కుండా తండ్రిని కూడా తీసుకుపోవాలని ఆమె ఆలోచన. జయరత్నం అమలాపురం హైస్కూల్లో లెక్కల మేష్టారు. చక్కటి మనిషి. సిగరెట్టు లేదు, పేకాట లేదు, నోట్లోంచి కటువు మాట రాదు. పేటలో ఆడపిల్లలున్న తల్లులందరూ దానం మేష్టారిని చూసి అసూయపడ్డారు. పెళ్లి వచ్చే నెలలో.

ఈ ఉపవాసం మొదటిది కాదు. నిశ్చితార్థం అయిన కొత్తలో, గుడిలో క్వయర్ వాళ్లతో కలిసి సరోజిని పాడుతుంటే అతను ఒకసారి పస్తున్నాడు. "చాలా బాగా పాడేవు" అంటూనే పస్తున్నాడు. ఆమె క్వయర్ మానేసిన సాయంత్రం అన్నం తిన్నాడు. తర్వాత, కాకినాడలో స్నేహితురాలు ఇందిర పెళ్లికి బయల్దేరబోతుంటే మళ్లీ పస్తున్నాడు. ఆమె పెట్టె దించేసింది. అతను తిన్నాడు.

నిజం చెప్పాలంటే మొదటిసారి సరోజిని పొంగిపోయింది. తన కోసం ఒక మగవాడు అన్నం మానేయడం ఎంత గొప్ప! అద్దంలో తన ముఖం తనకే కొత్తగా కనిపించింది. రెండోసారి పొంగిపోలేదు గానీ, పొంగిపోనందుకు తనని తనే తిట్టుకుంది. ఇది మూడోసారి. ఈసారి ఆమెకి భయం వేస్తోంది. దేనికి భయమో మాత్రం తెలియలేదు.

శనివారం ఎండ ఎక్కేసరికి అరుగు నిండిపోయింది. సంఘపెద్ద గంగయ్య గారు ఉపవాస ప్రార్థన కూడిక పెట్టించారు. ఆడవాళ్లు కొంగులు తల మీదకి లాక్కుని గోడవారగా కూర్చున్నారు. దానం మేష్టారు లేవలేక లోపలి గదిలో మంచం మీద నుంచే ఆమేన్ అంటున్నారు.

ఆ పేటలో ఒక మర్యాద ఉంది. ఏ ఇంట్లో ఎవరు ఉపవాసానికి కూర్చున్నా, కూడిక జరిగినా, అది ముగిసేదాకా ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యరు. పస్తున్నవాళ్లకి తాలింపు వాసన తగలకూడదని ఎప్పుడో ఎవరో పెద్దావిడ పెట్టిన ఏర్పాటు. ముసలివాళ్లకీ రోగులకీ పక్కింటి నుంచి అన్నం వస్తుంది. దానం మేష్టారికి ఈ రెండు రోజులూ పక్కింటి అమ్మాజీ పంపిస్తోంది. ఇంజెక్షన్ సిరంజి మరగబెట్టడానికి కూడా సరోజిని అమ్మాజీ వంటింటికే వెళ్లొచ్చింది.

ప్రార్థనకీ ప్రార్థనకీ మధ్య ఆడవాళ్లు సరోజినిని మెచ్చుకుంటూ పొడుస్తున్నారు.

"ఎంత అదృష్టమే తల్లీ. మా ఆయన నా కోసం ఒక్క పూట మానేస్తే స్తోత్రం అని లేచి నిలబడుదును. నేను జొరంతో పడుకుంటే కూరలో ఉప్పు తగ్గిందన్నాడు."

"ఆ మొహం చూడమ్మా, ఎలా పీక్కుపోయిందో."

గంగయ్య గారు గొంతు సవరించుకున్నారు. "ఉద్యోగాలకేముందమ్మా, ఇవాళ కాకపోతే రేపొస్తాయి. బంగారం లాంటి మనిషి మళ్లీ దొరుకుతాడా?"

"మీరు ఆమెనేమీ అనకండి బాబాయ్‌గారూ" అన్నాడు జయరత్నం, నీరసంగా నవ్వుతూ. "సరోజిని ఇష్టమే నా ఇష్టం. నేను వెళ్లొద్దన్నానా?"

ఆ మాటకి అరుగు మీదున్న అందరి కళ్లూ సరోజిని మీదకి తిరిగాయి. తిట్టినా అంత బరువుగా ఉండేది కాదు. ఆమె చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

నూతి దగ్గర జయరత్నం తల్లి ఎలీసమ్మ నీళ్లు తోడుకుంటోంది. పొట్టి మనిషి, మాట తక్కువ. కొడుకు పక్కన ఉంటే అసలు మాట్లాడదు. సరోజినిని చూసి బిందె గట్టు మీద పెట్టింది.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. మావాడు దొంగచాటుగా ఏమన్నా తింటన్నాడని నీకు అనుమానం ఉందా?"

సరోజిని తల దించుకుంది. "ఉందండి అత్తయ్యగారూ. అలా తింటే బాగుండునని ఉందండి."

ఎలీసమ్మ నవ్వలేదు. "నాకూ అలాగే ఉండేది. లేదమ్మా. ఒక్క మెతుకు కూడా ముట్టడు. దొంగ అయితే ఎంత బాగుండేది! చెంప మీద ఒకటిచ్చి అన్నం పెట్టేద్దును. వాడు నిజంగానే మాడతాడు. అక్కడే వచ్చింది కష్టం."

ఆవిడ గట్టు మీద కూర్చుంది. సరోజిని కూడా కూర్చుంది. అరటిచెట్ల అవతల అరుగు మీద ఎవరో గట్టిగా ప్రార్థన చేస్తున్నారు. 'సహోదరి మనసు మెత్తబడాలి ప్రభువా' అన్న మాట ఇక్కడికి వినపడింది.

"వాళ్ల నాన్న పోయేక" అని మొదలుపెట్టింది ఎలీసమ్మ, "నాకు కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో పని ఇస్తామన్నారు. ఉండటానికి గది, పిల్లాడికి చదువు. ఊడ్పులూ కోతలూ తప్పుతాయి కదా అని ఎంత సంబరపడ్డానో! వీడికి తొమ్మిదేళ్లు. వెళ్దామా నాన్నా అన్నాను. వద్దనలేదు, ఏడవలేదు. పళ్లెం ముందు కూర్చుని అన్నంలోకి చూస్తా ఉండిపోయేడు. మర్నాడూ అంతే. కళ్లు తిరిగి పడిపోయేడు. నేను వెళ్లననేశాను. అప్పుడు రెండు పళ్లేల అన్నం తిని, నా మెడ చుట్టూ చేతులేసి, 'నువ్వంటే నాకెంత ఇష్టమో చూసేవా అమ్మా' అన్నాడు. నేనేం చేసేనో తెలుసా? మురిసిపోయేను. పేటంతా చెప్పుకున్నాను."

సరోజినికి చెవులు వేడెక్కాయి. అద్దంలో చూసుకున్న తన ముఖం గుర్తొచ్చింది.

"తాటిపాకలో మా చెల్లెలు బంగారమ్మ ఉండేది. దాని మొగుడు వీడిని ఏదో వేళాకోళం చేసేడు. అంతే. ఇంక ఆ గడప తొక్కనని నేననేదాకా వీడు పళ్లెం ముట్టలేదు. తర్వాత ఎన్నాళ్లకో బంగారమ్మ పోయింది. ఆ కబురు తెలిసి ఆగలేక వెళ్లేను. మట్టి చేసి వచ్చేను. వీడు నన్ను ఒక్క మాట అనలేదు. 'అలిసిపోయుంటావు, పడుకో అమ్మా' అన్నాడు. పళ్లెం బోర్లించి పెట్టి కూర్చున్నాడు. తోడబుట్టింది పోయిన బాధా నాదే, తిను నాయనా అని బతిమాలే పనీ నాదే."

ఆవిడ కళ్లలో నీళ్లు లేవు. ఎప్పుడో అయిపోయాయి కాబోలు.

"మరి ఎవరూ లొంగకపోతే ఏమవుతుందండి?" అని అడిగింది సరోజిని.

"తెలీదమ్మా. అంతదాకా ఎవరం చూళ్లేదు."

సరోజిని చేతిలోని చెంబు గట్టు మీద పెట్టింది. తర్వాత సరోజినే అడిగింది. "ఇదంతా నాకెందుకు చెప్తున్నారండి? మీ అబ్బాయి పెళ్లి చెడిపోతే మీకేం లాభం?"

"చెడగొట్టాలని కాదమ్మా. వాడంటే నాకు పంచప్రాణాలూ. వాడికి అడగడం రాదు. అడిగితే కాదంటారేమోనని భయం. కాదనిపించుకుని కూడా అన్నం తినొచ్చని వాడికి నేను నేర్పలేదు. ఇప్పుడు నేర్పాలంటే నా వల్ల కాదు, తల్లిని. ఆ మొహం చూస్తే కరిగిపోతాను." ఎలీసమ్మ బిందె చంకనెత్తుకుంది. "నువ్వు కూడా రేపట్నించి కరగడం మొదలెడితే మనిద్దరం వాడి పళ్లేనికి చెరోపక్కా కూర్చుని ముసలివాళ్లం అయిపోతాం. ఆపైన నీ ఇష్టం."

ఆవిడ అరుగు వైపు వెళ్లాక సరోజిని వంటింట్లోకి వచ్చింది. రెండు రోజులుగా పొయ్యిలో బూడిద చల్లారి ఉంది. దాని ముందు కూర్చుంటే ఆమెకి మొదటిసారి ఆకలి తెలిసింది. అతను తినడం లేదని తనూ సరిగ్గా తినలేదు. తినమని ఎవరూ అడగలేదు కూడా. ఆమెకి కోపం వచ్చింది. ముందు అతని మీద, తర్వాత అరుగు మీదున్నవాళ్ల మీద, చివరికి తన మీద. కోపం తగ్గాక దుఃఖం వచ్చింది. ఎందుకంటే ఆమెకి అతనంటే ప్రేమ. సైకిలు దిగి నడిపించుకుంటూ కాలవగట్టు దాకా తన పక్కన నడిచే మనిషంటే, పిల్లలకి విసుక్కోకుండా పదిసార్లు లెక్క చెప్పే మనిషంటే ప్రేమ. ఆ మనిషి కావాలి. ఈ చాప మీది మనిషి వద్దు. ఇద్దరూ ఒకరే అయితే ఏం చెయ్యాలో ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

కొబ్బరి డొక్కలు పేర్చి అగ్గిపుల్ల గీసింది.

అత్తెసరు పెట్టింది. వంకాయలు తరిగింది. ఉట్టి మీద నుంచి ఎండురొయ్యల డబ్బా దించి, దోరగా వేయించి, కూరలో వేసింది. కోనసీమలో పుట్టినవాళ్లకి ఆ వాసన గురించి నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెప్పినా తెలీదు. అది వంటింట్లోంచి నడవలోకి, నడవలోంచి అరుగు మీదకి వచ్చింది. కళ్లు మూసుకున్నవాళ్లు ముక్కు కూడా మూసుకోలేరు కదా. గంగయ్య గారు ప్రార్థనలో ఒక మాట దగ్గర ఆగి, ఎక్కడున్నారో మర్చిపోయి, మళ్లీ మొదటికి వచ్చారు.

"ఎవరింట్లోనమ్మా?" అని గుసగుసగా అడిగింది ఒకావిడ.

"ఇక్కడే!" అంది ఇంకొకావిడ, కళ్లు పెద్దవి చేసుకుని.

సరోజిని రెండు పళ్లేలతో అరుగు మీదకి వచ్చింది. ఒకటి జయరత్నం ముందు పెట్టింది. రెండోది తన ముందు పెట్టుకుని, అతనికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ప్రార్థన ఆగిపోయింది.

"తప్పు కదమ్మా" అన్నారు గంగయ్య గారు. "కూడిక జరుగుతుంటే పొయ్యి రాజేస్తారా?"

"తప్పేనండి బాబాయ్‌గారూ. క్షమించండి. ఈయనతో ఒక్క మాట మాట్లాడి లేస్తాను."

జయరత్నం నవ్వాడు. అదే మెత్తటి నవ్వు. "ఏం తప్పులేదు బాబాయ్‌గారూ. ఆకలేసుంటుంది పాపం. తిను సరోజినీ. నేను నిన్ను తినొద్దన్నానా?"

"అనలేదండి. మీరు ఎప్పుడూ ఏదీ వద్దనలేదు. అందుకే ఇవాళ అడుగుతున్నాను. నేను రామచంద్రపురం వెళ్లడం మీకిష్టమా, కాదా?"

"నా ఇష్టానిదేముంది. దేవుని చిత్తం..."

"ఆయన సంగతి ఆయనతో నేను ప్రార్థనలో మాట్లాడుకుంటాను. మీ సంగతి మీరు చెప్పండి. నేను పెళ్లి చేసుకోబోయేది మిమ్మల్ని." ఆమె గొంతు పెంచలేదు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు రోగితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. దూరమని బెంగా? ఆసుపత్రిలో మగవాళ్లుంటారని అనుమానమా? పెళ్లాం జీతం తెస్తే నలుగురూ నవ్వుతారనా? ఏదైనా సరే, నేను కోప్పడను. ఆర్నెల్లు చేసి అమలాపురానికి మార్చమని అడుగుతాను. శనివారం శనివారం లాంచీలో గోదావరి దాటి వస్తాను. చెప్తే దారి వెతుకుదాం. మీరు నోరు విప్పితే జవాబు చెప్పగలను గానీ, మీ ఖాళీ కడుపుకి నేనేం జవాబు చెప్పనండి?"

జయరత్నం పెదవులు విడిపోయాయి. అతని ముఖంలో లెక్కల మేష్టారు పోయి, పళ్లెం ముందు కూర్చున్న తొమ్మిదేళ్ల కుర్రాడు కనిపించాడు. చెప్పేస్తాడనుకుంది సరోజిని. 'నువ్వు వెళ్లిపోతే నన్ను మర్చిపోతావేమోనని భయం' అని అతను అనుంటే, ఆ ఉద్యోగం సంగతేమో గానీ, ఆమె అతని చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చేసి ఉండేది.

అతను నోరు మూసుకున్నాడు. కళ్లు నిండాయి.

"నీ మనసు కష్టపెట్టే మాట అనడం నా వల్ల కాదు సరోజినీ. బాధేదో నేనే పడతాను. నువ్వు సంతోషంగా వెళ్లు."

ఆడవాళ్లందరూ ఒక్కసారే "అయ్యో" అన్నారు. ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సరోజిని చెయ్యి కూడా అతని వైపు వెళ్లబోయింది. ఆ చెయ్యిని ఆమె మళ్లీ తన ఒళ్లోకి తెచ్చుకోవడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

"క్వయర్ అప్పుడూ దేవుని చిత్తమే అన్నారండి. ఇందిర పెళ్లప్పుడూ అదే అన్నారు. ప్రతిసారీ ఆయన చిత్తం మీకేది ఇష్టమో అలాగే ఎందుకుంటోందో నాకు తెలియట్లేదు" అంది. "సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి ముక్తేశ్వరం వెళ్లి లాంచీ ఎక్కుతాను. మీరొచ్చి ఎక్కిస్తే నాకు సంతోషం. రాకపోతే ఏడుస్తాను. అయినా ఎక్కుతాను. చూసేరా, మనసులో ఉన్నది చెప్పడం ఎంత తేలికో?"

పళ్లెం దగ్గరకి లాక్కుని అన్నం కలిపింది. అంతమంది చూస్తుండగా, పస్తున్న మనిషి ఎదురుగా, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అది మింగుడు పడలేదు. నీళ్లు తాగి మింగింది. రెండోది కొంచెం తేలిగ్గా దిగింది.

అప్పుడు గోడవార నుంచి ఎలీసమ్మ లేచింది. మెల్లగా వచ్చి సరోజిని పక్కన కూర్చుంది. "వాడి ముందున్న పళ్లెం ఇలా జరుపమ్మాయ్" అంది.

జయరత్నం ఉలిక్కిపడ్డాడు. "అమ్మా?"

"ఆకలేస్తందిరా" అంది ఎలీసమ్మ. కొడుకు ముఖంలోకి చూడకుండా, పళ్లెంలోకే చూస్తూ తింది. మెతుకులు కొంగు మీద పడుతున్నాయి. అయినా తింది. కొడుకు పస్తుండగా ఆవిడ కడుపునిండా తినడం ఆవిడ జన్మలో అదే మొదలు.

"తిను అమ్మా" అన్నాడు జయరత్నం చాలాసేపటికి. "నేను వద్దన్నానా."

కూడిక అక్కడితో అయిపోయింది. గంగయ్య గారు చిన్న ప్రార్థన ఒకటి చేసి చేతికర్ర తీసుకున్నారు. ఆడవాళ్లు చాపలు చుట్టుకుని వెళ్లిపోయారు. మనసులో ఎన్ని మాటలున్నా, ఇళ్లకి మాత్రం రోజూ కంటే వేగంగానే నడిచారు. రొయ్యల కూర మహిమ అలాంటిది. ఎలీసమ్మ పళ్లేలు కడిగి బోర్లించి, కొడుకుతో ఏమీ అనకుండా తన ఇంటికి వెళ్లిపోయింది. అరుగు మీద జయరత్నం ఒక్కడే మిగిలాడు. లేవలేదు, కోప్పడలేదు. సరోజిని వైపు చూసి, ఎంతో దయగా తల ఊపాడు.

సరోజినికి ఒళ్లు దూదిలా తేలిపోయింది. గెలిచానని కాదు. పడిపోతుందనుకున్న ఆకాశం పడలేదు, అంతే. వంటింట్లోకి వెళ్లి తండ్రికి అన్నం వడ్డించింది. ఇవాళ పక్కింటి అన్నం అక్కర్లేదు, కూతురి చేతి కూర తింటారు. సోమవారం బయల్దేరే ముందు అమ్మాజీకి ఇంజెక్షన్ ఇవ్వడం ఇంకోసారి చూపించాలి. ఆకుపచ్చ అంచు చీర ఉతకాలి. అవన్నీ ఆలోచించుకుంటూ పళ్లెంతో లోపలి గదిలోకి వెళ్లింది.

దానం మేష్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"నాన్నగారండీ, లేవండి. వంకాయ కూర."

"వద్దమ్మా."

"కొంచెం తినండి. ఇంజెక్షన్ చేసిన ఒళ్లు."

"నేను కూడా అబ్బాయితో పాటే పస్తు ఉంటున్నానమ్మా. పొద్దున్నుంచీ."

సరోజిని పళ్లెం కింద పెట్టేసింది. "పొద్దున్నుంచా? అమ్మాజీ గారు పంపింది తినలేదా?"

"తిరగ్గొట్టేశాను. నీతో చెప్పొద్దన్నాను."

ఆమె తండ్రి భుజం పట్టుకుని ఇటు తిప్పింది. చొక్కా తడిసిపోయి ఉంది. నుదురు చల్లగా ఉంది. చేతివేళ్లు సన్నగా అదురుతున్నాయి. ఇంజెక్షన్ పడ్డాక తిండి పడకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి మనిషి ఏమవుతాడో ఆమె ఆసుపత్రి వార్డులో చూసింది. అమలాపురం తీసుకెళ్లేదాకా ఆగే వ్యవహారం కాదు. వంటింట్లోకి పరుగెత్తి, గ్లాసులో గుప్పెడు పంచదార వేసి, నీళ్లు పోసి, వేలితోనే కలుపుతూ తెచ్చింది. తల ఎత్తి పట్టుకుని గ్లాసు పెదవులకి ఆనించింది.

దానం మేష్టారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

"ఈ నాలుగు గుక్కలు తాగండి నాన్నగారూ. మీకు దణ్ణం పెడతాను. తర్వాత ఎన్ని మాటలైనా మాట్లాడుకుందాం."

"నువ్వు వెళ్లనని చెప్పమ్మా, తాగుతాను." ఆయన మాట అప్పుడే ముద్దగా వస్తోంది. "నిన్ను ఉద్యోగం వద్దంటున్నానా తల్లీ? ఆ అబ్బాయి అలా మాడుతుంటే చూడలేక..."

గుమ్మంలో నీడ పడింది. జయరత్నం ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి, అవి నిజమైన కన్నీళ్లే.

"నేను వద్దన్నాను సరోజినీ" అన్నాడు మెల్లగా. "ఎంతో చెప్పేను. మావయ్యగారే వినలేదు."

సరోజిని అతని వైపు తిరగలేదు. గ్లాసు మళ్లీ తండ్రి నోటికి ఆనించింది. పంచదార నీళ్లు ఆయన గడ్డం మీదుగా కారి మెడలోకి జారాయి. దానం మేష్టారు పెదవులు బిగించి, మూతలు పడిపోతున్న కళ్లతో కూతురి నోటివైపే చూస్తున్నారు.